పది విల్లులు, ఒక కాగితం

మా మామ చేసిన విల్లును నారి లేకుండా చూసినవాళ్ళు అందరూ దాన్ని తిరగేసే పట్టుకునేవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. విల్లంటే మనకు తెలిసింది బొమ్మల్లో చూసిందే గదా, నెలవంక మాదిరి. మా ఇంట్లో చేసే వెదురు విల్లు అట్లా కాదు. నారి విప్పేస్తే అది వెనక్కి తిరిగి అవతలి పక్కకు వంగి పడుకుంటుంది. మళ్ళీ నారి కట్టాలంటే ఆ వంపుకు ఎదురు తిప్పి, ఒక కొస కాలి కింద నొక్కిపెట్టి, బలవంతంగా ఇవతలి పక్కకు తేవాలి. దాని బలమంతా ఆ మొండితనంలోనే ఉంది. తెలియనివాళ్ళు ఏం చేస్తారంటే, ఉన్న వంపును చూసి అబ్బ, ఎంత సులువుగా వంగుతోంది అనుకుని, అటే ఇంకాస్త వంచి నారి తగిలిస్తారు. మొదటిసారి లాగగానే టప్పున విరిగిపోతుంది.

ఈ ఒక్క సంగతి చెబితే తొంభై తొమ్మిది వేసవిలో మా ఇంట్లో జరిగింది సగం చెప్పినట్టే. ఇంత చిన్న సంగతిని కాగితం మీద రాసి కూడా పంపలేకపోయిన దాన్ని నేను.

అప్పట్లో మేము జార్జి టౌన్‌లో గోనెసంచుల కొట్లున్న సందులో, మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. కింద తోపుడుబండ్ల గోల, పైన మామ వెదురు చీల్చే చప్పుడు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో మామ, నేను, సంవత్సరానికి రెండు నెలలు మా ఆయన. మామ వాళ్ళు ఎప్పుడో ఏ రాజు కాలంలోనో ఈ ఊరికి వచ్చారని చెప్పుకునేవాళ్ళు, ఏ రాజో అడిగితే మాత్రం ఒక్కరికీ తెలియదు. గుళ్ళలో స్వామి పారువేటకు బయలుదేరే రోజున చేతికిచ్చే విల్లు వాళ్ళు చేసేదే. ఊరేగింపు గొడుగులకు కర్రలు, బడిపిల్లల ఆటల పోటీలకు విల్లులు, మొనకు బదులు కొయ్య గుబ్బ తొడిగిన మొద్దు బాణాలు కూడా చేసేవాళ్ళు.

మామకు ఈ పనిలో కొన్ని పట్టింపులు ఉండేవి. చేసినవాడు విల్లుకు తనంతట తాను నారి కట్టకూడదు. పని సరిచూసుకోవడానికి వదులుగా ఒక తాడు కట్టేవాడు గాని అది లెక్కలోకి రాదు. అసలు నారి ఆ విల్లు ఎవరిదో వాళ్ళే కట్టాలి, వాళ్ళ చేతి మీద చేసినవాడిదో, ఆ ఇంట్లో పని తెలిసినవాడిదో చెయ్యి ఉండాలి. కట్టిన వెంటనే ఆ మనిషే ఒకసారి లాగి వదలాలి. అట్లా లాగకుండా మొదటి నారి విప్పకూడదు. ఆ తర్వాత మాత్రం ఆట అయిన మరుక్షణం నారి విప్పేయాల్సిందే. ఎవరైనా ఎక్కుపెట్టిన విల్లును ఒక గంట గోడకు ఆనించి వదిలేస్తే మామ ఇల్లు పీకి పందిరి వేసేవాడు. "అట్లే పెడితే అది ఆ వంపుకే అలవాటు పడిపోతాది. ఇంక యెనక్కి పోదు. చచ్చిన విల్లు అది" అనేవాడు.

నేను పురసవాక్కంలో పుట్టి పెరిగినదాన్ని. అంబత్తూరులో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక్కో యంత్రం పక్కన ఒక అట్ట వేలాడుతుంది, ఏ భాగం ఏ పక్కకు బిగించాలి, ఏది ముందు, ఏది తర్వాత అని బొమ్మతో సహా రాసి. ఆ అట్టలు రాయడమే నా ఉద్యోగం. కొత్తగా చేరినవాడు నోరు తెరిచి ఎవరినీ అడగక్కర్లేకుండా పని చేసుకునేట్టు రాయాలి. అందులో నాకు పేరుండేది. ఇంటికొస్తే మామ నా ఉద్యోగాన్ని ఎప్పుడూ నమ్మలేదు. "చెయ్యి పట్టుకొని చూపించేదాన్ని కాగితం మీద రాస్తే ఎట్లమ్మణ్ణీ వచ్చేది?" అని నవ్వేవాడు. వస్తుంది మామా అంటే, వస్తే మంచిదేలే అన్నట్టు తల ఊపేవాడు.

మామకూ మా ఆయనకూ మాటల్లేవు. మా ఆయన ఒక్కడే కొడుకు. పదహారేళ్ళకే పని అంతా నేర్చుకున్నాడట. మామ కన్నా చక్కగా బద్ద చెక్కేవాడని ఆ సందులో వాళ్ళు ఇప్పటికీ అంటారు. పంతొమ్మిదో ఏట ఒక రోజు సినిమాకని చెప్పి పోయి సైన్యంలో చేరి వచ్చాడు. మామ కోపం వాడికేమన్నా అయితే ఎట్లా అని కాదు, అది తర్వాత వచ్చింది. "నేను ఆడుకునే విల్లు చేసేవాణ్ణి. వాడికి ఆట చాల్లేదు" అన్నాడు. ఆ తర్వాత కొడుకుతో నేరుగా మాట్లాడలేదు. కొడుకు మాత్రం తక్కువ తిన్నాడా, అతనూ మాట్లాడలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళు. "అమ్మణ్ణీ, ఇంకొంచెం రసం కావల్నేమో అడుగు" అని మామ. "వద్దని చెప్పు" అని మా ఆయన. ఇద్దరికీ మధ్య రెండు జానల దూరం. ఒకసారి గరిటె కింద పెట్టేసి, "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజా?" అని అరిచాను. ఇద్దరూ తలొంచుకుని తిన్నారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు, అయినా ఒక్కరూ తగ్గలేదు.

ఆ సంవత్సరం శివరాత్రి పోయాక మా ఆయన దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. నాకు రాసిన పేజీలతో పాటు విడిగా మడిచిన ఒక కాగితం ఉంది, పైన 'నాయనకు' అని. నా పెళ్ళయి ఐదేళ్ళు, అట్లాంటి కాగితం రావడం అదే మొదలు. నేను విప్పకూడదని అనుకున్నాను, విప్పాను, చదివాను, మళ్ళీ మడిచాను.

పైన మంచుకొండ మీద కొన్నాళ్ళు కాపలా అయినాక పదిహేను దినాలు కింది క్యాంపుకు దించుతారట. ఆ పదిహేను దినాలు చేసే పని లేదట. క్యారంబోర్డు చలికి వంకరపోయిందట, పేకకట్టలో రెండు రాజులు లేరట. మిగతాది ఆయన మాటల్లోనే నాకు గుర్తుంది. "ఊరికే కుచ్చోని ఆ కొండనే చూస్తా ఉంటారు నాయనా మా పిల్లకాయలు. ఏటికి ఈ పక్క చదును నేల ఉండాది. ఈశాన్యం కొండల నుంచి వచ్చినోళ్ళు ఇద్దరు ఉండారు, విల్లంటే పడి చస్తారు. మేజరు సరే అన్నాడు. నీ చేతి విల్లులు పది పంపితే నేను నారి కట్టించి అందరికీ నేర్పిస్తా. ఆడుకునేదానికే."

మామ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చదివాడు. చదవడం అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాడు. తర్వాత చొక్కా జేబులో పెట్టుకుని, "పదా? పదంటే బద్దలు శానా కావల" అని అటక మీదికి నిచ్చెన వేశాడు. అటక మీద నాలుగేళ్ళుగా ఆరబెట్టుకున్న వెదురు ఉంది. అది గుడి పనికని దాచింది. "దేవుడి విల్లుకని పెట్టింది గదా మామా" అన్నాను. "దేవుడికి ఏం తొందర" అన్నాడు.

రెండు నెలలు పట్టింది. బద్దలు చీల్చడం, బొగ్గుల మీద కాచి వంచడం, జనుపనార పేని మైనం పట్టించడం. మామ అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. సంతోషమని చెప్పడు, కాకపోతే కాఫీ ఇంకో లోటా అడిగేవాడు. సంగతి తెలిసి సందంతా చెయ్యి వేసింది. గోనెల కొట్టాయన కొత్త గోనె, పురికొస ఇచ్చాడు. మైనం ఇంకొకాయన ఇచ్చాడు. ఎగతాళి మాత్రం అందరూ చేశారు. "ఏం పెద్దాయనా, తుపాకులుండేటోళ్ళకు విల్లులా? బాణాలేసి శత్రువును కొడతారా?" అని కింద కొట్టు గుమాస్తా అడిగితే, "శత్రువును కాదురా, చెక్కపలకను" అన్నాడు మామ.

చెయ్యడం ఒక ఎత్తు, పంపడం ఇంకో ఎత్తు అయింది. ఇక్కడనుంచి పని నా నెత్తిన పడింది. పోస్టాఫీసులో కొలిచి, ఇంత పొడుగు మూట తీసుకోం అన్నారు. సెంట్రల్ స్టేషన్‌లో పార్శిళ్ళ దగ్గర కూర్చున్నాయన గోనె మీద నొక్కి చూసి, "ఇదెన్నమ్మా, ఆయుధమా?" అన్నాడు. ఆడుకునే విల్లులు సార్ అన్నాను. ఆడుకునేవైతే మిలిటరీకి ఎందుకు, మిలిటరీకైతే ఆడుకునేవెట్లా అవుతాయి అన్నాడు. దానికి ఏం చెప్పాలి? మిలిటరీవాళ్ళ ఆఫీసుకు పోతే అక్కడ మనిషి మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు, టీ కూడా తెప్పించాడు. జవాన్లకు దానంగా తీసుకునే సామాన్ల పట్టిక చూపించాడు. దుప్పట్లు, మేజోళ్ళు, బిస్కెట్లు, పేకకట్టలు. విల్లు లేదు. పట్టికలో లేనిదానికి పెద్ద అధికారి సంతకం కావాలి, ఆయన ఊళ్ళో లేడు. వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం పోతే ఆయన వచ్చి మళ్ళీ పోయాడు.

ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఒక్కరూ నాతో పెడసరంగా మాట్లాడలేదు, అదే నా బాధ. ఎవడన్నా కసిరి ఉంటే కడిగేసి ఇంటికి వచ్చేదాన్ని. బస్సులో కూర్చుంటే ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు. ఇంటికి పోతే మామ మెట్ల మీద నిలబడి ఉంటాడు, పోయినాయా అని కళ్ళతోనే అడుగుతాడు.

చివరికి మా కంపెనీలో లేతు మీద పనిచేసే ఒకాయన బావమరిది అక్కరకొచ్చాడు. హవల్దారు, తమిళాయన, మా ఆయన ఉన్న క్యాంపులోనే పని. సెలవు ముగించుకుని ఏప్రిల్ నెలాఖరులో తిరిగి పోతున్నాడు. రైల్లో తన సామానుతో పాటు తీసుకుపోతానన్నాడు. మిలిటరీ మనిషి చేతిలో ఉంటే ఎవరడుగుతారక్కా అన్నాడు. నేను రెండు వారాలు తిరిగిన పని రెండు మాటల్లో తేలిపోయింది.

ఆయన మూట తీసుకోవడానికి వచ్చే రోజు పొద్దున నేను ఒక కాగితం తయారుచేశాను. కంపెనీ అట్ట మాదిరే. విల్లు బొమ్మ రెండుసార్లు గీశాను, నారి లేకుండా ఒకటి, నారితో ఒకటి. ఏ పక్క ముందుకు ఉండాలో బాణం గుర్తు వేసి చూపించాను. ఉన్న వంపును వంచవద్దు, ఎదురు వంచండి అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాశాను. విల్లుల మధ్య దూర్చాను. మామ చివరి ముడి వేసేటప్పుడు అది ఆయన చేతికి తగిలింది.

"ఇదేంది?"

"నారి ఎట్లా కట్టాలో రాసినా మామా."

"వాడికి తెలీదా?"

"ఆయనకు తెలుసు. ఈలోపల ఆయన్ను మళ్ళా పైకి పంపేసుంటే?"

మామ ముఖం మాడిపోయింది. పైన అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆ మాట మేమిద్దరం ఇంట్లో ఎప్పుడూ పలికేవాళ్ళం కాదు. నోరు జారిందని నాలుక కరుచుకున్నాను.

ఆయన కోప్పడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు. "ఇది పెట్టి పంపితే వాడు ఆడ ఉండడని మనమే అనుకున్నట్టు అమ్మణ్ణీ. వద్దు. వాడు ఉంటాడు, వాడే కట్టిస్తాడు" అన్నాడు.

నేను వాదించి ఉండాల్సింది. వాదించడం నాకు చేతగాని పనేమీ కాదు, రసం గురించి కూడా అరిచినదాన్ని. కాని ఆ క్షణం నాకు కూడా అట్లానే అనిపించింది. కాగితం పెడితే ఆయన అక్కడ ఉండడు, పెట్టకపోతే ఉంటాడు. అంబత్తూరులో వందమందికి అట్టలు రాసిచ్చే దాన్ని, నా మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితాన్ని జాకెట్‌లో దోపుకున్నాను.

హవల్దారు వచ్చాడు. కాఫీ తాగి, మూట భుజాన వేసుకుని, "వీటికి తాడు ఎట్లా కట్టాలో ఒకసారి చూపిస్తారా పెద్దాయనా?" అని అడిగాడు. తనంతట తానే అడిగాడు. మామ నవ్వి, "అవసరం లేదప్పా. మావాడుండాడు ఆడ" అన్నాడు. అంత గర్వంగా ఆయన కొడుకు గురించి మాట్లాడటం నేను విన్నది అదే మొదటిసారి.

మే నెలలో ఆ కొండల్లో యుద్ధం మొదలైందని పేపర్లో వచ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. కింద గోనెల కొట్లో టీవీ పెట్టారు, సందంతా అక్కడే నిలబడేది. కొండలు చూపించేవాళ్ళు, పొగ చూపించేవాళ్ళు. నేను ఆ చిన్న పెట్టెలో మనుషుల ముఖాలు వెతికేదాన్ని, ఒక్కటీ తెలిసేది కాదు. నన్ను చూడగానే అందరూ దారి ఇచ్చేవాళ్ళు. ఆ దారి ఇవ్వడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. నిన్నటిదాకా నన్ను మోచేత్తో తోసుకుపోయినవాళ్ళు వీళ్ళు, ఇప్పుడెందుకు ఈ మర్యాద? కంపెనీలో ఎవరో దేశం గురించి గొప్పగా మాట్లాడితే లేచి నీళ్ళు తాగడానికి పోయేదాన్ని. ఇంట్లో మామ కొత్త పని ఒప్పుకోలేదు. కత్తి నూరుకుంటూ కూర్చునేవాడు. నూరిన కత్తినే మళ్ళీ నూరేవాడు. "చాల్లే మామా, అరిగిపోతాది" అంటే ఆపేవాడు, నేను వంటింట్లోకి పోగానే మళ్ళీ మొదలుపెట్టేవాడు. మేము చెయ్యగలిగింది ఏమీ లేదు. అన్నం వండటం, తినడం, పోస్టుమేన్ వచ్చే వేళకు మెట్ల దాకా పోవడం.

జూన్ నడుమ ఉత్తరం వచ్చింది. మా ఆయన చేతిరాత కాదు. హవల్దారు తమిళంలో రాశాడు. నేను మామ ముందు కూర్చుని గట్టిగా చదివాను. మూట క్షేమంగా చేరిందట. అది చేరడానికి నాలుగు రోజుల ముందే మా ఆయన వాళ్ళ జట్టును పైకి పంపారట. ఆయన వచ్చేదాకా ఆగుదామని హవల్దారు అన్నాడట, కుర్రవాళ్ళు ఆగలేదట. ఆ సాయంత్రం ఏటి ఒడ్డున మూట విప్పి నారి కట్టారట. మొదటిది లాగగానే విరిగిందట. వీడికి రాదని ఇంకొకడు, వాడికి రాదని ఇంకొకడు. కొండల నుంచి వచ్చిన ఇద్దరూ మాకు తెలుసు, జరగండి అని తీసుకున్నారట, వాళ్ళవీ విరిగాయట. ఒకడికి పేడు తగిలి చెంప చీరుకుందట. ఆరు విరిగాక మేజరు వద్దన్నాడట, మిగిలిన నాలుగూ మీ కొడుకు దిగివచ్చాక నేర్పిస్తాడని దాచిపెట్టారట. "విరిగినప్పుడల్లా మావాళ్ళు పడీ పడీ నవ్వారు. చాలా రోజుల తర్వాత అంత నవ్వు విన్నాను. పెద్దాయన తప్పు కాదు, ఇక్కడి చలికి వెదురు పెళుసైపోయినట్టుంది" అని రాశాడు పాపం.

మామ అంతా విని, "ఏ పక్క వంచినారో రాసినాడా?" అని అడిగాడు.

"లేదు మామా."

"రాయడు. వాడికేం తెలుసు." ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచి, "చలి కాదమ్మణ్ణీ" అన్నాడు.

నేను తల ఎత్తలేదు. కాగితం మాట ఆయన ఎత్తుతాడని కాచుకున్నాను. నువ్వు చెప్పినావు, నేను వినలేదు అంటాడని. అననీ, లేదా నీ నోటి మాట వల్లే అయిందని తిట్టనీ. రెండూ అనలేదు. లేచి అటక మీద మిగిలిన వెదురును సర్దడానికి పోయాడు. ఆరు విల్లులు విరిగిన సంగతి కన్నా, నాలుగు రోజుల ముందే పైకి పంపారన్న సంగతి మా ఇద్దరి గుండెల్లోనూ ఉంది. దాన్ని తాకకుండా విల్లుల గురించే మాట్లాడుకున్నాం.

ఇంకో మూడు వారాలకు మిలిటరీ ఆసుపత్రి నుంచి ఉత్తరం. అది కూడా ఎవరిదో చేతిరాత, మాటలు మాత్రం మా ఆయనవి. ప్రాణానికి ఏమీ లేదు. మంచులో ఇరుక్కుని కుడిచేతి మూడు వేళ్ళు చెడిపోతే తీసేశారు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. చదివి నేను నవ్వాను. బతికున్నాడు, వేళ్ళు పోతే పోనీ అని పిచ్చిదాని మాదిరి నవ్వాను. తల తిప్పి చూస్తే మామ తన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఆ మూడు వేళ్ళ కొసలను రుద్దుకుంటున్నాడు. నారి లాగి లాగి అక్కడ కాయలు కాచి ఉంటాయి. అప్పటిగ్గాని నాకు అర్థం కాలేదు. నారి లాగేది ఆ మూడు వేళ్ళతోనే.

వినాయకచవితికి కొంచెం ముందు మా ఆయన ఇల్లు చేరాడు. చిక్కిపోయాడు, నల్లబడ్డాడు, కుడిచెయ్యి జేబులోనే. ఎడమ చంకలో గోనెలో చుట్టిన ఒక విల్లు. హవల్దారు ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినప్పుడు మిగిలిన నాలుగింటిలో ఒకటి తెచ్చి ఇచ్చాడట.

"మిగతా మూడూ?" అన్నాను.

"మా పిల్లకాయల కాడే ఉండాయి. ఎట్లా కట్టాలో హవల్దారుకు నోటితోనే చెప్పి పంపినా, రెండు మాటలు. కట్టుకున్నారంట. రోజూ ఆడుతుండారంట."

నోటితోనే. రెండు మాటలు. నేను ఆయన చేతిలోంచి సంచి అందుకుని లోపలికి పోయాను, ఏదో ఒకటి మోస్తూ ఉండాలి గదా.

మళ్ళీ వచ్చేసరికి ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. విల్లు మధ్యలో ఉంది. మామ దాన్ని తడిమి చూస్తున్నాడు. ఎన్ని ఏళ్ళకో, నా ముఖం చూడకుండా నేరుగా కొడుకును అడిగాడు.

"దీనికి నారి కట్టలా?"

"నీ చెయ్యి లేకుండా ఎట్లా కడతా నాయనా?"

మామ లేచాడు. మా ఆయనా లేచాడు. జేబులోంచి చెయ్యి తీయక తప్పలేదు. కింది కొస కాలికి ఆనించి, ఎడమచేత్తో నడుమ పట్టి, తుంటితో నొక్కి ఎదురు వంచాడు. కుడి అరచేతిని పై కొస మీద పెట్టాడు. ఆ చేతి మీద మామ చెయ్యి పెట్టాడు. ఇద్దరి బలానికి విల్లు మెల్లగా తిరగబడింది. మామ వేళ్ళు నారిని తోసి గాడిలో వేశాయి. సరిగ్గా కూర్చుంది. మామ ముఖం విప్పారింది. ఆ ఒక్క నిమిషం ఆయనకు ఆసుపత్రీ లేదు, యుద్ధమూ లేదు.

ఆ సంబరంలోనే, జన్మంతా చేసిన అలవాటు కొద్దీ, విల్లు కొడుకు వైపు చాపి, "ఊ, లాగు" అన్నాడు.

అన్నాక కొడుకు కుడిచెయ్యి చూశాడు. మా ఆయన విల్లు ఎడమచేతికి తీసుకుని, కుడిచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య నారిని ఇరికించి లాగాడు. జారిపోయింది. మళ్ళీ ఇరికించాడు. మళ్ళీ జారింది. చేతులు మార్చి పట్టుకుందామని చూశాడు. మూడు వేళ్ళు లేని చేతిలో విల్లు నిలవలేదు, పక్కకు తిరిగిపోయింది. నాకు పోయి ఆ విల్లు లాక్కుని కిటికీలోంచి పారేయాలనిపించింది. చూస్తూ నిలబడ్డాను. మామ దాన్ని అందుకుని గోడకున్న మేకుకు తగిలించాడు. నారి విప్పలేదు.

మర్నాడు విప్పుతాడనుకున్నాను. విప్పలేదు. వినాయకచవితి పోయింది, దసరా పోయింది, అది అట్లే ఎక్కుపెట్టి గోడ మీదే ఉంది. గంట సేపు వదిలేస్తే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, రోజూ దాని కింద కూర్చుని కాఫీ తాగేవాడు. ఒకసారి ఉండబట్టలేక, చచ్చిపోతుంది గదా మామా, విప్పేయరాదా అన్నాను. "వాడు లాగలా గదమ్మణ్ణీ" అన్నాడు. నారి కట్టిన రోజునుంచి తండ్రీ కొడుకులు నేరుగానే మాట్లాడుకునేవాళ్ళు. ఎక్కువేం కాదు, కాఫీ చల్లారిందనీ, వెదురు పచ్చిగా ఉందనీ. నాతో పని లేకుండా పోయింది. దానికి నేను సంతోషించాను, ఆ మాట ఒప్పుకోవాలి.

మామ చనిపోయిన సంవత్సరం ఇల్లు మారుతూ సామాన్లు సర్దుతుంటే నా ట్రంకుపెట్టె అడుగున ఆ కాగితం దొరికింది. నాలుగు మడతలూ అట్లే ఉన్నాయి. దాచుకోవడం ఎప్పటికైనా తప్పే గదా అని మా ఆయనకు ఇచ్చాను. గోడ మీది విల్లు కింద నిలబడి చదివాడు. బొమ్మలు రెండూ దగ్గరగా పెట్టి చూశాడు.

"ఎంత బాగా గీసినావే. ఇది చూస్తే ఎవరికైనా అర్థమవతాది గదా. ఎందుకు పంపలా?" అన్నాడు.

"మీరు ఆడ ఉంటారని" అన్నాను.

ఆయన కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత స్టూలు ఎక్కి విల్లును మేకు నుంచి తీశాడు. సామానులో విరుగుతుంది, నారి విప్పి కట్టుకుందాం అన్నాను.

"లాగకుండా విప్పకూడదు" అన్నాడు. దాన్ని అట్లే చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.